పూజలో పెట్టిన స్పానరు

నాకు అనుమానం జాస్తి. అంగట్లో తూచి ఇచ్చిన టమాటాలను ఇంటికి తెచ్చి మళ్ళీ తూస్తాను. పాలమనిషి ముందే పాలల్లో వేలు ముంచి చూస్తాను. జమ్మలమడుగులో ఒక జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఇన్నేళ్ళు పనిచేసినవాడికి ఇంకో గుణం ఎలా వస్తుంది? లోలకాన్ని ఊపకుండానే ఊగినట్టు లెక్కలు రాసేసి, "వచ్చింది సార్" అని అమాయకంగా నిలబడే పిల్లలను చూసీ చూసీ, ఎవరేం చెప్పినా "ఏదీ, చేసి చూపించు" అనడం నాకు అలవాటైపోయింది.

మా ఇంట్లో ఒక పాత కారు ఉంది. కొన్నది నేను, తోలేది మా ఆవిడ. ఆమె పులివెందులలో ఒక ఆసుపత్రిలో నర్సు. రోజూ ముద్దనూరు మీదుగా పోయి రావాలి. డ్యూటీ వేళలకు బస్సులు కుదరక కారు నేర్చుకుంది. నాకంటే బాగా తోలుతుంది. ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

దసరాకు ముందు ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, తాళం చెవి మేకుకు తగిలిస్తూ అంది. "ఏమప్పా, స్టీరింగు నా మాట వినడంల్యా. నేను తిప్పితే అది కొంచేపు ఆలోచన జేసి తిరుగుతాంది."

నేను తీసుకుపోయి చూశాను. నిజమే. స్టీరింగు ఒక బెత్తెడు తిప్పినా బండి పట్టించుకోలేదు. గుంటల్లో దిగినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర టకటకమని చప్పుడు. ముద్దనూరు దాటాక ఆ మలుపుల్లో, ఎదురుగా బండల లారీ వస్తున్నప్పుడు ఈ స్టీరింగు తీరిగ్గా ఆలోచన చేస్తే ఏమవుతుందో ఊహించుకుంటే నాకు ఆ పూట అన్నం సహించలేదు.

ప్రొద్దుటూరు తీసుకుపోయాను. మెకానిక్కు బండిని జాకీ మీద లేపి, ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకొని అటూ ఇటూ ఆడించాడు. అది కదిలింది. "స్టీరింగు ఎండ్లు అరిగిపోయినాయి సార్. రెండు పక్కలా మార్చాల. బండి ఈడ ఇడిసిపెట్టి పో" అన్నాడు.

ఇడిసిపెట్టి పోవాలట! ఆ ఒక్క మాట చాలు నాకు. ఎందుకు విడిచిపెట్టాలని అడిగాను. "పండగ కద సార్, పనోళ్ళు సరిగా రారు" అన్నాడు. మనిషి చెప్పే కారణం మరీ సబబుగా ఉంటే నాకు ఇంకా అనుమానం. పాత సామానుకు రంగు కొట్టి కొత్తదని బిగిస్తారని ఎక్కడో విన్నాను. ఈ మెకానిక్కు అట్లాంటివాడని చెప్పను, కాదనీ నేను చెప్పలేను. బండి తిప్పుకొని వచ్చేశాను.

ఇంతకీ ఆ పని బ్రహ్మవిద్య కాదు. మనం స్టీరింగు తిప్పితే రెండు పక్కలా రెండు ఇనుప కడ్డీలు చక్రాలను నెడతాయి, లాగుతాయి. ఒక్కో కడ్డీ చివర మోకాలి కీలు లాంటి ఒక ముక్క ఉంటుంది. దాన్నే ఎండ్ అంటారు. మోకాలు అరిగినట్టే అదీ అరుగుతుంది. పాతది విప్పి, కొత్తది అదే కడ్డీకి మరలో తిప్పి ఎక్కించి, వెనక ఉండే లాక్ నట్టును దానికి ఆనించి గట్టిగా బిగించాలి. ఫోన్లో వీడియోలు చూశాను. అందరూ ఒకటే చెప్పారు కాబట్టి నమ్మాను.

సామాను మాత్రం ప్రొద్దుటూరులోనే కొన్నాను. అంగడతను ఒక డబ్బా ఇస్తే ఇంకో డబ్బా తెమ్మన్నాను. రెండూ చేతిలో పట్టుకొని బరువు చూశాను. బంగారం అంగళ్ళకు పేరుపడ్డ ఆ ఊళ్ళో దాన్ని గీటురాయి మీద గీసి చూసి కొంటారు. ఇనుముకు అట్లాంటి రాయి లేదే అని బాధపడ్డాను. చివరికి తీసుకున్న రెండు ముక్కల అడుగునా, ఎవరికీ కనపడని చోట, మేకుతో చిన్న గీత గీసిపెట్టుకున్నాను. ఎవరైనా మారిస్తే పట్టుకోవడానికి.

ఆయుధపూజకు ముందు రోజు, మధ్యాహ్నం నుంచి, ఇంటి ముందర బండలు పరిచిన జాగాలో పని మొదలుపెట్టాను. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాను. ఎడమ చక్రం ఊడదీశానో లేదో, గోడ పక్కనుంచి గొంతు వినిపించింది.

"ఏంది మామా, నువ్వే చేస్తాండావా?"

పక్కింటి అబ్బాయి. అబ్బాయంటే మరీ చిన్నవాడు కాదు, ఇద్దరు బిడ్డల తండ్రి. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా పనిచేసి, ఈ మధ్యనే తిరిగొచ్చాడు. నన్ను మామా అంటాడు, మా ఆవిడను అత్తా అంటాడు. రంజాన్ నెలలో వాళ్ళింటి నుంచి మాకు హలీం గిన్నె వస్తుంది. మనిషితో నాకు గొడవేమీ లేదు. అయితే వచ్చిన కొత్తలోనే ఒక మాటన్నాడు. "కారు అమ్మితే నాకే చెప్పు మామా, బాడుగకు తిప్పుకుంటా." అప్పటినుంచీ అతను మా కారు వైపు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పశువుల సంతలో బేరగాడు కూడా గొడ్డును కొనే ముందు అట్లాగే చుట్టూ తిరుగుతాడు.

"నీకు ఈ పని తెలుసా?" అన్నాను.

"ఆడ నేను తోలిన బండ్లు చూస్తే నువ్వు బిత్తరపోతావు మామా. ఇంత పొడుగు."

"తోలడం కాదు. విప్పడం తెలుసా?"

"ఆడ విప్పేదానికి వేరే వాళ్ళుంటారు" అని నవ్వి, గోడ దూకి వచ్చేశాడు.

రావద్దని ఎలా అంటాను? పాత ఎండ్ ఊడిరావాలంటే ఒకరు ఇంకో ఇనుప కడ్డీతో దాన్ని కిందికి నొక్కిపట్టాలి, ఇంకొకరు సుత్తితో పక్కన కొట్టాలి. నా రెండు చేతులూ చాలవు. అతను నొక్కాడు, నేను కొట్టాను. ఠప్పుమని ఊడింది. చేతిలోకి తీసుకొని ఆడిస్తే ఊడబోయే పన్నులా వదులుగా ఊగింది. ఇన్నాళ్ళూ మా ఆవిడ ప్రాణం దీని మీద ఊగుతూ తిరిగిందా అనిపించింది.

ఎడమ వైపు చక్కగా పూర్తయింది. కొత్తది ఎక్కించాను, చక్రం దగ్గర నట్టు బిగించి పిన్ను వంచాను, పెద్ద స్పానరుతో లాక్ నట్టు బిగించాను. కుడి వైపు వచ్చేసరికి ఎండ వాలింది. అక్కడా అన్నీ అయ్యాయి. లాక్ నట్టును చేత్తో తిప్పి ఆనించి, ఇక పెద్ద స్పానరు పట్టించబోతుండగా అతను అన్నాడు.

"ఇంత అవస్థ ఎందుకు మామా. దీన్ని అమ్మేసి అత్తకు మంచి బండి తీసీరాదా?"

నాకు చర్రుమంది. ఇదన్నమాట సంగతి! సాయం పేరుతో వచ్చి, బండి పనికిరాదని నా నోటితోనే అనిపించే ఎత్తు. అప్పుడే అతను కింద పడున్న పాత ఎండ్ చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. కొత్తది ఎక్కడ, పాతది ఎక్కడ అని నా కళ్ళు అతని చేతుల మీదే ఉన్నాయి.

సరిగ్గా ఆ క్షణానే మా ఆవిడ బయటికొచ్చింది. "అయిందా? సందేళైతాంది. సామాన్లన్నీ కడిగి పసుపు పెట్టాల. ఇయ్యి."

ఆయుధపూజకు మా ఇంట్లో ఒక పద్ధతుంది. ముందు రోజు సాయంత్రమే పనిముట్లన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, దేవుడి ముందర పేరుస్తాం. మరుసటి రోజు పూజ. ఆ తర్వాతి రోజు పొద్దున ఎత్తేదాకా ఎవరూ ముట్టకూడదు. కత్తిపీట కూడా అందులోనే ఉంటుంది కాబట్టి ఆ ఒక్క రోజు కూరగాయలు తరగడం కూడా ఉండదు, పప్పూ పులగమే.

నేను అతని చేతుల మీదనుంచి కన్ను తిప్పకుండానే చేతిలోని స్పానరు ఆమెకు ఇచ్చేశాను. చక్రం ఎక్కించి, జాకీ దించి, దాన్నీ ఇచ్చేశాను. అతను పాత ఎండ్ కింద పెట్టి, "పోతా మామా" అని గోడ దూకాడు. అతను వెళ్ళాక పాత ముక్కలు రెండూ ఉన్నాయో లేవో చూసుకొని, లోపల దాచిపెట్టి, చేతులు కడుక్కున్నాను. బండి వైపు చూస్తే గర్వంగా అనిపించింది.

పూజ రోజు. కారుకు బొట్లు పెట్టాం, చామంతి దండ వేశాం, గుమ్మడికాయ కొట్టాం. ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండిని ముందుకు జరిపాను. నిమ్మకాయలు చిట్లాయి. తాళం చెవి తీసుకొచ్చి మేకుకు తగిలించాను. చక్రాల అమరిక యంత్రం మీద చూపించడానికి పండగ వెళ్ళాక ప్రొద్దుటూరు పోదామని, అంతవరకూ నిదానంగా తోలమని మా ఆవిడకు చెప్పాను. ఆమె "ఊఁ" అంది. ఆ ఊఁ లో నాకు ఏదో తేడా వినిపించింది.

తేడా అక్కడితో ఆగలేదు. పక్కింటికి పాయసం గిన్నె ఇవ్వడానికి గోడ దగ్గరికి పోయిన మనిషి చాలాసేపు రాలేదు. తొంగి చూస్తే ఇద్దరూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే మాట ఆపేశారు. "పాయసంలో చక్కెర సరిపోయిందా అని అడుగుతాండా" అంది ఆమె. పాయసం గిన్నె మీద మూత కూడా తీయలేదు!

మధ్యాహ్నం తిని కాసేపు నడుం వాల్చాను. లేచి కిటికీలోంచి చూస్తే కుడి చక్రం దగ్గర పక్కింటి అబ్బాయి గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేను గబగబా బయటికి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏంది పని?" అన్నాను.

"ఏం లేదు మామా. నిమ్మకాయ సక్కంగా నలిగిందో లేదో చూస్తాండా."

నమాజుకు తప్పని మనిషికి మా నిమ్మకాయతో ఏం పని? అతను వెళ్ళాక వంగి చూశాను. నేను నిటారుగా నిలిపిన చక్రాలు ఇప్పుడు కొంచెం పక్కకు తిరిగి ఉన్నాయి. నిమ్మకాయ తొక్క బండ మీద మెలితిరిగి రాసుకుపోయింది. లోపలికి పోతే తాళం చెవి మేకుకు లేదు. వంటింట్లో ఆవిడ చేతిలో ఉంది.

ఇక నాకు అంతా అర్థమైపోయింది. వీళ్ళిద్దరూ కలిసి నాకు తెలియకుండా బండి అమ్మకం మాట్లాడుకుంటున్నారు. చెవి ఇచ్చి బండి చూపించింది. అతను చూసిపోయాడు. లేదంటే కొత్త సామాను విప్పుకొని పాతది ఏదో తగిలించాడు. వెంటనే మళ్ళీ బయటికి పోయి, బోర్లా పడుకొని చక్రాల వెనక చెయ్యి పెట్టి తడిమి చూశాను. నేను గీసిన గీతలు రెండూ ఉన్నాయి. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశగా కూడా అనిపించింది. స్టెప్నీ చూశాను, ఉంది. పెట్రోలు ముల్లు చూశాను, ఉన్నచోటే ఉంది. ఇన్ని చూసినవాణ్ణి ఆ గీతకు వేలెడు దూరంలో ఉన్న నట్టును మాత్రం చూడలేదు.

ఆ రోజంతా ఆమెతో ముభావంగానే ఉన్నాను. ఆమె పట్టించుకోలేదు. మరుసటి రోజు పొద్దున్నే డ్యూటీ పడిందని, నేను స్నానం చేస్తుండగా బండి తీసుకొని వెళ్ళిపోయింది.

స్నానం చేసి, దీపం పెట్టి, పనిముట్లు ఎత్తడం మొదలుపెట్టాను. కత్తిపీట, సుత్తి, చిన్న స్పానర్లు. తర్వాత పెద్ద స్పానరు చేతికి వచ్చింది. దాని బరువు అరచేతిలో పడగానే ఒక్కసారిగా గుర్తొచ్చింది. మొన్న సాయంత్రం దాన్ని ఇట్లాగే పట్టుకున్నాను. నట్టుకు పట్టించబోయాను. పట్టించలేదు. ఇచ్చేశాను.

కుడి వైపు లాక్ నట్టు బిగించనే లేదు.

అది వదులుగా ఉంటే కడ్డీ తిరుగుతూ తిరుగుతూ మరలోంచి బయటికి వచ్చేస్తుంది. అప్పుడు చక్రం ఒక దారి, స్టీరింగు ఒక దారి. ఆమె ఈపాటికి ముద్దనూరు దాటి ఉంటుంది. ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. తోలేటప్పుడు ఫోన్ బ్యాగులో వేసుకొమ్మని చెప్పింది నేనే. మళ్ళీ చేశాను. ఆమెకు ఏమైనా అయితే నేను బతకను. అంతే, ఆ ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది.

స్పానరు చేతిలో అట్లాగే పట్టుకొని పక్కింటికి పరిగెత్తాను. అతను అరుగు మీద కూర్చొని టీ తాగుతున్నాడు.

"బైకు తీయి అబ్బీ. నట్టు బిగించలేదు. మీ అత్త పులివెందుల దోవలో ఉంది."

"కుడి పక్కదే కదా మామా?" అన్నాడు నిదానంగా. "నిన్న నేను బిగించినా. భయం లేదు."

"నువ్వా? నీకెవరు చెప్పినారు?"

"అత్త. నీతో అనొద్దనింది. మీ సామాన్లన్నీ పూజలో ఉండాయి కదా, ముట్టకూడదంట. మా ఇంట్లోవి యాడుండాయి పూజలో? మా నాయిన బోరు పనికి పోతాన్నప్పటి స్పానరు ఉంటే తెచ్చి బిగించినా."

వేరే ఎవరైనా అయితే అక్కడే కూలబడి ఊపిరి పీల్చుకునేవాళ్ళు. నాకు కలిగిన ఆలోచన వేరు. విప్పడం తెలియదని మొన్న ఇతనే చెప్పాడు. మరి బిగించడం ఎట్లా తెలిసింది? ఎంత బిగించాడు? అసలు బిగించాడో, ఆడవాళ్ళు అడిగారని ఊరికే అన్నాడో?

"బైకు తీయి" అన్నాను మళ్ళీ.

అతను నా ముఖం చూసి, టీ గ్లాసు కింద పెట్టి, తీశాడు.

దారి పొడుగునా నేను రోడ్డు పక్కలే చూశాను. గుంపు కనిపిస్తే చాలు, ఆపమనేవాణ్ణి. ఒక చోట గొర్రెల మంద, ఇంకో చోట టైరు పంచరైన ఆటో. చీనీ (బత్తాయి) తోటల మధ్యలో అతను వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "ఎట్లయినా మామా, అమ్మేటట్టుంటే నాకే చెప్పు."

అది నేను సరిగ్గానే పట్టుకున్నాను. అంతవరకు నా అనుమానం అబద్ధం కాదు.

ఆసుపత్రి ఆవరణలో వేపచెట్టు కింద మా కారు నిలబడి ఉంది. చామంతి దండ కూడా వాడలేదు. ఆమె చేరింది, క్షేమంగా ఉంది. అయినా నేను ఆగలేదు. పండగ బట్టలతోనే నేల మీద వెల్లకిలా పడుకొని కారు కిందికి దూరాను. బక్కమనిషిని కాబట్టి పట్టాను. పసుపు రాసిన స్పానరు ఆ నట్టుకు పట్టించి, శక్తి కొద్దీ లాగాను.

"ఎవురప్పా నువ్వు? బండి కింద ఏం చేస్తాండావు?" కాపలా ఆయన గొంతు. బయట ఉన్న నా కాళ్ళను కర్రతో తాకాడు.

"ఇది నా బండే."

"దొరికినోళ్ళందరూ అట్లే అంటారు. బయటికి రా. ఇది నర్సమ్మ బండి, నాకు తెలీదా?"

పక్కింటి అబ్బాయి ఏదో సర్దిచెప్పబోయాడు. కాపలా ఆయన అతన్నీ అనుమానంగా చూసి, లోపలికి కబురు పంపాడు. కాసేపటికి తెల్లచెప్పులు రెండు నా తల దగ్గరికి వచ్చి ఆగాయి. ఆమె వంగి చూసింది. నా ముఖం నిండా మట్టి, చేతిలో స్పానరు.

"కదిలిందా?" అంది.

"లేదు."

ఆ ఒక్క మాట అనేసరికి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా జీవితంలో ఏదైనా సరిచూసి, తప్పు దొరకనందుకు సంతోషపడింది అదే మొదలు.

బయటికి వచ్చాక, కాపలా ఆయన దూరంగా జరిగాక అడిగాను. "నాకెందుకు చెప్పలేదు?"

"మొన్న స్పానరు నా చేతికిచ్చినప్పుడు నీ కండ్లు నట్టు మీద ల్యా. ఆ పిల్లోని చేతుల మీదుండాయి. నాకు అనుమానం వచ్చింది" అంది. "నిన్ను అడిగితే ఏమంటావు? బిగించినా అని పెద్దగా అరుస్తావు. పూజలో పెట్టినవి నేను తీయను. అందుకే ఆ పిల్లోన్ని చూడమన్నా. నట్టు చేత్తోనే తిరిగిందంట."

"మరి అతను సరిగ్గా బిగించాడని నువ్వెలా నమ్మినావు?"

"బిగించేటప్పుడు నేను స్టీరింగు తిప్పి పట్టుకొని ఆడనే ఉండా. నువ్వు గురక పెడతాండావు" అని చెప్పి, నా చొక్కా వెనక మట్టి దులిపి, లోపలికి వెళ్ళిపోయింది.

పక్కింటి అబ్బాయి బైకు మీద జమ్మలమడుగు వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు అతనితో "మీ నాయిన స్పానరు మంచిది" అన్నాను. అతను నవ్వాడు. నేను ఆమె డ్యూటీ అయ్యేదాకా వేపచెట్టు కిందే కూర్చున్నాను. కాపలా ఆయన మధ్యాహ్నం దాకా నన్ను ఒక కంట కనిపెడుతూనే ఉన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు.

సాయంత్రం ఆమె పక్క సీట్లో ఎక్కాను. స్పానరు ఒళ్ళో ఉంది. బండి కదిలింది మొదలు నా చూపు ఆమె చేతుల మీద, చెవులు కుడి చక్రం మీద. మలుపు వచ్చినప్పుడల్లా నా పాదం లేని బ్రేకును నొక్కుతోంది.

"కండ్లు మూసుకోప్పా" అంది ఆమె, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా. "నేను తోలుతాండా కదా."

మూసుకున్నాను. ఎదురుగా లారీ వస్తున్న చప్పుడు విన్నాను. అది పక్కనుంచి దాటిపోయిన గాలి ముఖానికి తగిలింది. ముద్దనూరు దాటేదాకా నేను కళ్ళు తెరవలేదు.